మీ ప్రశ్న - మా జవాబు: ‘గెట్’ అంటే పొందడమేనా?

ప్రశ్న: నిఘంటువులో ‘గెట్’ అంటే పొందు అని ఉంది. మరి ‘వియ్ గాట్ వెట్’, ‘ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్’ లాంటి వాక్యాల్లో ఎవరు ఏం పొందినట్టు? – జీడిపప్పు వ్యాపారి, పలాస

జవాబు: ఎవరూ ఏమీ పొందలేదు. నిఘంటువు మొదటి అర్థం దగ్గర ఆగిపోవడమే ఇక్కడ చిక్కు. ‘గెట్’ తర్వాత ఏ మాట వచ్చిందో చూడండి, అర్థం అక్కడ తేలుతుంది.

తర్వాత వస్తువు పేరు వస్తే అందడం, కొనడం, తీసుకురావడం. ‘ఐ గాట్ యువర్ లెటర్’ అంటే మీ ఉత్తరం అందింది. ఊరి పేరు వస్తే చేరడం: ‘వియ్ గాట్ టు బొబ్బిలి ఎట్ నైన్’. హోమ్, హియర్, దేర్ లాంటి మాటల ముందు మాత్రం ‘టు’ పెట్టకూడదు. ‘ఐ గాట్ టు హోమ్’ తప్పు, ‘ఐ గాట్ హోమ్’ ఒప్పు.

గుణం చెప్పే మాట వస్తే ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారడం. తెలుగులో ఈ పని ఎక్కువగా ‘పోవు’ చేస్తుంది. తడిసిపోయాం: వియ్ గాట్ వెట్. టీ చల్లారిపోయింది: ద టీ గాట్ కోల్డ్. అదే ‘వియ్ వర్ వెట్’ అంటే అప్పటికే తడిసి ఉన్నామని. తడవడం అనే మార్పు అందులో కనబడదు.

అలాగని ‘పోవు’ కనబడ్డ ప్రతిచోటా ‘గెట్’ పెట్టేయకండి. నిద్రపోయాడు అన్నదానికి ‘ఫెల్ అస్లీప్’. పాలు పాడైపోవడానికి, చూపు పోవడానికి, మతి పోవడానికి ‘గో’ వాడతారు: వెంట్ బ్యాడ్, వెంట్ బ్లైండ్, వెంట్ మ్యాడ్.

ప్రశ్న: ‘బోరు మోటారు రిపేరు చేయించాను’, ‘జుట్టు కత్తిరించుకున్నాను’ అన్నవి ఇంగ్లిషులో ఎలా చెప్పాలి? ‘ఐ రిపేర్డ్ ద మోటర్’ అంటే మెకానిక్కువా అని నవ్వుతున్నారు. – డిగ్రీ విద్యార్థిని, చీపురుపల్లి

జవాబు: నవ్వడం సంగతి అటుంచితే, వాళ్లన్నది నిజమే. ఆ వాక్యానికి మీరే స్పానర్ పట్టుకుని బాగుచేశారని అర్థం. మనకు ‘చేయు’ పక్కన ‘చేయించు’ తయారుగా ఉంది: కుట్టు, కుట్టించు, కట్టు, కట్టించు. ఇంగ్లిషు క్రియకు అలాంటి తోక లేదు. ఆ పని ‘గెట్’ చేస్తుంది.

వరుస ఇది: ముందు గెట్, తర్వాత వస్తువు, చివర క్రియకు మూడో రూపం. ‘ఐ గాట్ ద మోటర్ రిపేర్డ్’. పొందూరు ఖద్దరు చీరకు ఫాల్ కుట్టించారా? ‘ఐ గాట్ ద ఫాల్ స్టిచ్డ్’. వీణకు తీగలు మార్పించారా? ‘ఐ గాట్ ద స్ట్రింగ్స్ చేంజ్డ్’. ‘చేయించాను’ మనకు ఒకే మాట కాబట్టి ‘ఐ గాట్ రిపేర్డ్ ద మోటర్’ అని రెండు క్రియలనూ కలిపేయాలనిపిస్తుంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వస్తువు మధ్యలోనే ఉండాలి. రెండో రూపం వాడడం ఇంకో పొరపాటు: అర్జీ రాయించాను అన్నదానికి ‘గాట్ ఇట్ రిటెన్’ అనాలి, ‘రోట్’ కాదు.

జుట్టు విషయంలో తెలుగే కాస్త గడుసుది. ‘కత్తిరించుకున్నాను’ అంటే సొంతంగానో, సెలూన్లోనో చెప్పదు. ఇంగ్లిషు చెప్పి తీరాలి: సెలూన్లో అయితే ‘ఐ గాట్ మై హెయిర్ కట్’, అద్దం ముందు కూర్చుని మీరే కత్తెర వేస్తే ‘ఐ కట్ మై హెయిర్’.

ఎవరి చేత చేయించారో చెప్పాలంటే వరుస మారుతుంది. మనిషి తర్వాత ‘టు’ వస్తుంది: ‘ఐ గాట్ ద బాయ్ టు టేక్ ద టాబ్లెట్’. ఇందులో కాస్త బతిమాలడం, ఒప్పించడం ఉంది. బలవంతంగా మింగించారా, అప్పుడు ‘మేడ్’. ‘టు’ ఉండదు: ‘ఐ మేడ్ ద బాయ్ టేక్ ఇట్’. మేస్త్రీకి పని పురమాయించి గోడ కట్టించారంటే ‘హ్యాడ్’ చాలు, దానికీ ‘టు’ లేదు: ‘ఐ హ్యాడ్ ద మేసన్ బిల్డ్ ద వాల్’.

ఇదే అచ్చులో కావాలని చేయించనివీ వస్తాయి. ‘హీ గాట్ హిజ్ ఫింగర్ కాట్ ఇన్ ద డోర్’ అంటే పాపం, వేలు తలుపు సందులో పడింది, పనిగట్టుకుని పెట్టించుకోలేదు.

ప్రశ్న: బస్సు దిగడం ‘గెట్ డౌనా’, ‘గెట్ ఆఫా’? – పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: గెట్ ఆఫ్. లోపల నిలబడి నడవగలిగే బస్సు, రైలు లాంటివాటికి ఆన్, ఆఫ్. వంగి దూరి కూర్చునే కారు, ఆటోలకు ఇన్, అవుట్. సైకిలు, మోటారు సైకిలు పైకెక్కి కూర్చునేవి కనుక మళ్లీ ఆన్, ఆఫ్. మీ ఊరి స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్ కాబట్టి చుట్టాలకు ‘గెట్ ఆఫ్ ఎట్ శ్రీకాకుళం రోడ్’ అని రాయండి. ‘గెట్ డౌన్’ మన దేశంలో చెల్లుతుంది. బయటివాళ్లకు అది చెట్టు మీంచో నిచ్చెన మీంచో దిగడం.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మనవడు ‘గాటెన్’ అంటున్నాడు. నేను చదువుకున్నది గెట్, గాట్, గాట్. ఎవరిది తప్పు? – విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: ఇద్దరిదీ ఒప్పే. మీది బ్రిటిష్ పద్ధతి, అతనిది అమెరికన్. నిజానికి గాటెన్ ఒకప్పుడు ఇంగ్లండులోనూ ఉండేది. ఫర్గాటెన్‌లో దాని ఆనవాలు ఇంకా ఉంది. అమెరికాలో రెండిటికీ పనులు వేరు. ‘ఐ హ్యావ్ గాట్ ఎ కార్’ అంటే నాకు కారుంది. ‘ఐ హ్యావ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సంపాదించుకున్నాను. బ్రిటిష్ పద్ధతిలో రాసే వ్యాసంలో మధ్యలో గాటెన్ వేయకుండా ఉంటే చాలు.

ప్రశ్న: ‘ఐ యామ్ గెటింగ్ యాంగర్’, ‘ఐ యామ్ గెటింగ్ హెడేక్’ సరైనవేనా? – గృహిణి, టెక్కలి

జవాబు: మొదటిది తప్పు. కోపం వస్తోంది అన్న లెక్కన యాంగర్ వేశారు, అక్కడ ఉండాల్సింది యాంగ్రీ. రెండోదానికి ‘ఎ’ చేర్చండి: ‘ఐ యామ్ గెటింగ్ ఎ హెడేక్’. అయితే దీనికి తలనొప్పి మొదలవుతోందని అర్థం. డాక్టరు ముందు కూర్చున్నప్పటికే తల పగిలిపోతుంటే ‘ఐ హ్యావ్ ఎ హెడేక్’ అనండి.