డాక్టర్లు రాసిన మాటే అన్నానంటే నేరం కాకుండా పోతుందా?

ప్రశ్న: మా తమ్ముడికి పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యం ఉంది. అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో పార్కింగ్ విషయమై మాటామాటా పెరిగినప్పుడు పొరుగాయన ఒకరు, పక్కనే ఉన్న మా తమ్ముణ్ణి చూపిస్తూ, ‘ముందు ఈ రిటార్డెడ్‌గాణ్ణి ఇంట్లో కట్టేసుకోండి’ అన్నారు. నిలదీస్తే, ‘మీ సర్టిఫికెట్‌లో డాక్టర్లు రాసిందే అన్నాను, అది తిట్టెలా అవుతుంది?’ అంటున్నారు. పాత సర్టిఫికెట్‌లో ‘మెంటల్ రిటార్డేషన్’ అని ఉన్న మాట నిజమే. ఫిర్యాదు చేయవచ్చా? సర్టిఫికెట్ మార్పించుకోవాలా?

జవాబు: ఫిర్యాదు చేయవచ్చు. అది ఒకప్పుడు వైద్యుల మాట అన్నంతవరకు ఆయన చెప్పింది తప్పు కాదు. దాని ఆధారంగా ఆయన చేస్తున్న వాదనే నిలవదు.

ఇలాంటి పదాల చరిత్ర పొడవైనది. 1910 ప్రాంతంలో అమెరికన్ మనస్తత్వవేత్త హెన్రీ గొడ్డార్డ్ ప్రచారంలోకి తెచ్చిన వర్గీకరణలో, మానసిక వయసు రెండేళ్లకు మించనివారు ఇడియట్లు, మూడు నుంచి ఏడేళ్ల మధ్యవారు ఇంబెసైల్‌లు, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్యవారు మోరాన్‌లు. మన చట్టాలూ ఆ భాషే మాట్లాడాయి. 1912 నాటి ఇండియన్ ల్యూనసీ చట్టం ల్యూనాటిక్ (మతిస్థిమితం లేనివాడు) అనే పదాన్ని నిర్వచించడానికి ఇడియట్ అనే పదాన్ని వాడింది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో వధూవరులు ఇడియట్ గాని ల్యూనాటిక్ గాని కాకూడదన్న షరతు 1976 సవరణ వరకు అలాగే ఉంది. ఆ పదాలు బజారు తిట్లుగా మారిపోయాక మర్యాదైన పదంగా స్థిరపడిన ‘మెంటల్ రిటార్డేషన్’ మన 1995 వికలాంగుల చట్టంలోకి కూడా వచ్చింది. చివరికి దానికీ అదే గతి పట్టింది. అమెరికా 2010లో రోసాస్ లా అనే చట్టం ద్వారా దాన్ని తన పలు ఫెడరల్ చట్టాల నుంచి తొలగించగా, మన 2016 వికలాంగుల హక్కుల చట్టం దాని స్థానంలో ‘మేధోపరమైన వైకల్యం’ అని రాసింది. ఒకనాడు చట్టంలో ఉండడమే ఒక మాటకు నిరపాయతా పత్రమైతే, ఈ లెక్కన ‘ఇడియట్’ కూడా తిట్టు కాకూడదు.

మీకు వర్తించేది 2016 చట్టంలోని 92(ఎ) నిబంధన. వైకల్యం ఉన్న వ్యక్తిని అవమానించాలన్న ఉద్దేశంతో, ప్రజల దృష్టిలో పడే చోట, బుద్ధిపూర్వకంగా కించపరచినా బెదిరించినా ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా పడతాయి. ఇక్కడ చట్టం నిషేధిత పదాల పట్టిక ఏదీ ఇవ్వలేదు, చూసేది ఉద్దేశాన్ని. సర్టిఫికెట్ రాసిన వైద్యుడు, పాత చట్టాన్ని కోర్టులో చదివే న్యాయవాది అదే పదం పలికినా నేరం కాదు. పార్కింగ్ తగాదాలో మీ తమ్ముడి వైకల్యం ప్రస్తావనకే చోటు లేదు. పైగా ‘గాణ్ణి’, ‘కట్టేసుకోండి’ అన్న మాటలు ఏ వైద్యుడూ సర్టిఫికెట్‌లో రాయడు. ఉద్దేశాన్ని రుజువు చేసేవి ప్రధానంగా అవే, కనుక ఫిర్యాదులో వాక్యాన్ని పూర్తిగా, అన్నది అన్నట్టుగా రాయండి. ‘ఉన్నమాటే అన్నాను’ అనే సమర్థన పరువునష్టం కేసులో, అదీ ప్రజాహితం కోసమైతేనే, పనికివస్తుంది. 92వ నిబంధనలో అలాంటి మినహాయింపు లేదు.

‘ప్రజల దృష్టిలో’ అన్న షరతు దాదాపు ఇవే మాటలతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోనూ ఉంది. బయటివారెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాట దాని కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో హితేష్ వర్మ కేసులో చెప్పింది. సంఘ సభ్యులందరూ విన్నారు కాబట్టి మీకు ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు. కాకపోతే మీ కుటుంబీకులు కాని ఇద్దరు ముగ్గురు సాక్ష్యానికి ముందుకు రావాలి. 2024లో నిపుణ్ మల్హోత్రా కేసులో ‘క్రిపుల్’, ‘స్పాస్టిక్’ వంటి పదాలు సమాజ దృష్టిలో చులకన అర్థం సంతరించుకున్నాయని సుప్రీంకోర్టు గుర్తించింది. అది సినిమాల్లో చిత్రణకు సంబంధించిన తీర్పే అయినా, వైద్య పదమన్న వాదనకు జవాబుగా మీ న్యాయవాది దాన్ని చూపవచ్చు.

ఇది పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన నేరమే. అయితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలు పోలీసులకు ఉంది కాబట్టి ఆ ఆలస్యానికి కంగారుపడవద్దు. కేసు తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపి, ఆ తర్వాత మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కూ ఫిర్యాదు చేయవచ్చు. నేరం రుజువైతే ఆరు నెలల జైలు తప్పదు, మధ్యలో రాజీపడినా కేసు దానంతటది ముగిసిపోదు. అందుకే, అదే సంఘం ముందు ఆయన క్షమాపణ చెబితే మీకు సరిపోతుందా లేదా అన్నది ఫిర్యాదుకు ముందే తేల్చుకోమని నా సలహా.

ఇక సర్టిఫికెట్ సంగతి. పాత చట్టం కింద ఇచ్చినది అందులో రాసిన గడువు వరకు చెల్లుతుంది. పాత పదం ఉన్నంత మాత్రాన మీ తమ్ముడి హక్కులేవీ తగ్గవు, కేసుకూ అది అడ్డు కాదు. యూడీఐడీ కార్డు (వికలాంగుల విశిష్ట గుర్తింపు కార్డు) ఇంకా తీసుకోకపోతే దానికి దరఖాస్తు చేయండి. అందులో వైకల్యం పేరు కొత్త చట్టం ప్రకారమే ఉంటుంది.