మొలల బాధకు గోరువెచ్చని నీళ్ల టబ్బు: మేనల్లుడికి అత్త రాసిన ఉత్తరం

చి. రవికి,

అత్త ఆశీస్సులు. సుజాత ఫోన్ చేసి నీకు మొలలు మళ్లీ తిరగబెట్టాయనీ, కుర్చీలో కూర్చోలేక నిలబడే ఆఫీసు పని చేసుకుంటున్నావనీ చెప్పింది. చెప్పిందని ఆ పిల్లని కోప్పడకు, భయపడి చెప్పింది. నువ్వు సిగ్గుపడి ఎవరి దగ్గరా నోరు విప్పలేదంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు. సర్జికల్ వార్డులో పని చేసినన్నాళ్లూ చూసింది అదే. పన్ను నొప్పయితే మర్నాడే వస్తారు. మొలలైతే ఏళ్లకేళ్లు దాచుకుని, రక్తం పోయి మొహం పాలిపోయాక వస్తారు. నువ్వలా చెయ్యకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ రోజే మందుల షాపుకి వెళ్లి ‘సిట్జ్ బాత్ టబ్’ కావాలని అడుగు. అక్కడ లేకపోతే సర్జికల్ సామాన్లు అమ్మే షాపులో దొరుకుతుంది. కొన్ని వందల రూపాయల్లో వచ్చేస్తుంది. వెడల్పాటి అంచున్న గుండ్రటి ప్లాస్టిక్ బేసిన్, అంతే. కమోడ్ సీటు పైకి లేపి, దాని అంచు మీద కుదురుగా ఆనేలా పెట్టుకోవాలి. టబ్బు అంచు దగ్గర చిన్న చీలికలుంటాయి చూడు, నువ్వు కూర్చున్నప్పుడు పొంగిన నీళ్లు వాటిలోంచి కమోడ్‌లోకే పోతాయి, నేల తడవదు. కొన్నిటికి సంచీ, గొట్టం కూడా ఇస్తారు. అవి లేకపోయినా లోటేమీ లేదు. నీళ్లు పోసే ముందు చేత్తో గట్టిగా నొక్కి చూడు. కదిలితే ఆ టబ్బు మీ కమోడ్‌కి సరిపోలేదన్నమాట, మార్చుకో.

ఇప్పుడు నీళ్ల సంగతి. అందరూ పొరపాటు చేసేది ఇక్కడే. వేడి ఎంత ఎక్కువైతే అంత గుణం అనుకుంటారు. గీజర్ నీళ్లు తిన్నగా పట్టేసి, చర్మం కమిలిపోయి వచ్చినవాళ్లకి నేను మందు పూశాను. ముందు చల్లనీళ్లు పోసి, మీద వేడినీళ్లు కొద్దికొద్దిగా కలుపు. సగం వరకు చాలు, కూర్చుంటే మట్టం పైకొస్తుంది. మణికట్టు లోపలివైపు పెట్టి చూడు. చంటిపిల్లకి పోసే నీళ్లలా హాయిగా ఉండాలి. థర్మామీటరు ఉంటే 40 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకు.

అందులో ఏమీ కలపకు. ఉప్పు అక్కర్లేదు. డెట్టాల్, సావ్లాన్ అసలే వద్దు, అక్కడి చర్మం చాలా సున్నితం, మండి ఎర్రగా పాకుతుంది. పాతకాలం డాక్టర్లు పొటాషియం పర్మాంగనేటు చిటికెడు రాసేవారు. ఆ గింజలు పూర్తిగా కరక్కపోతే చర్మాన్ని కాల్చేస్తాయి. ఎవరైనా సలహా ఇచ్చినా నువ్వు వేసుకోకు. నీకు వైద్యం చేసే డాక్టరే ఏదైనా కలపమంటే ఆయన చెప్పిన కొలతకి చెయ్యి. లేకపోతే మంచినీళ్లు చాలు.

పది నుంచి పదిహేను నిమిషాలు కూర్చో. రోజుకి రెండు మూడుసార్లు, మరీ ముఖ్యంగా దొడ్డికి వెళ్లొచ్చిన వెంటనే. కూర్చున్నాక కడుపు బిగబట్టకు, ముక్కకు, కింద భాగాన్ని వదులుగా వదిలెయ్యి. మలద్వారం లోపల ఒక కండరం వలయంలా ఉంటుంది. మన మాట వినే కండరం కాదది, దానంతటదే బిగుస్తుంది. నొప్పి పుట్టినప్పుడు ఇంకా బిగుస్తుంది, బిగుసుకుంటే నొప్పి ఇంకా పెరుగుతుంది. గోరువెచ్చని నీళ్ల వల్ల ఆ బిగువు సడలుతుంది. మొదటి అయిదు నిమిషాల్లోనే భుజాలు కిందికి జారి, ఊపిరి తేలికవుతుంది. ఆపరేషనయిన పేషెంట్లకి ఈ స్నానం చేయించేటప్పుడు వాళ్ల మొహంలో ఆ మార్పు ఎన్నిసార్లు చూశానో! నొప్పి మాత్ర పని చెయ్యకముందే మనిషి నెమ్మదిస్తాడు.

లేచేటప్పుడు తొందరపడకు. వేడికి రక్తనాళాలు వ్యాకోచించి ఒక్కోసారి కళ్లు తిరుగుతాయి. గోడ పట్టుకుని నెమ్మదిగా లే. తువ్వాలుతో రుద్దొద్దు. పాత నూలు పంచె ముక్కతోనో, నూలు చీర ముక్కతోనో అద్ది ఆరనివ్వు. ఆయింట్‌మెంట్ రాసేది ఆరిన తర్వాతే. టబ్బుని సబ్బుతో కడిగి ఎండలో బోర్లించు. అది నీ ఒక్కడిదే, ఇంట్లో ఇంకొకరు వాడకూడదు.

ఊరు వెళ్లినప్పుడు అక్కడ కమోడ్ లేదని మానేయకు. వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్‌ని గట్టి పీట మీద పెట్టి కూర్చోవచ్చు. మోకాళ్లు బాగున్నవాడివి, నీకు ఇబ్బంది లేదు. అన్నయ్య, అదే మీ నాన్న, కూడా వేరే టబ్బు తెచ్చుకుని వాడతానంటే మాత్రం నీళ్ల వేడి సుజాతో నువ్వో చూసి పెట్టండి. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకి స్పర్శ తగ్గుతుంది, కాలుతున్నా తెలియదు. లేచేటప్పుడు పక్కన ఒకరుండాలి.

ప్రకృతి వైద్యంలో కటిస్నానం అని చేయిస్తారు, చల్లనీళ్లలో నడుము దాకా కూర్చుని పొట్ట రుద్దుకోవడం. రెండూ ఒకటేనని ఎవరైనా అంటే నమ్మకు. నేను చెప్పేది గోరువెచ్చని నీళ్ల సంగతి.

కుర్చీలో వేసుకోవడానికి మధ్యలో చిల్లున్న గాలి దిండు కొన్నావట. అది పక్కన పెట్టెయ్. దాని మీద గంటల తరబడి కూర్చుంటే చిల్లు ఉన్నచోట కండ కిందికి వేలాడి వాపు పెరుగుతుంది. మామూలు మెత్తటి దిండు చాలు. గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి. కమోడ్ ముందు పాదాల కింద జానెడు ఎత్తు స్టూలు పెట్టుకో, మోకాళ్లు నడుము కంటే పైకి రావాలి. మన పాత లెట్రిన్ మీద గొంతుక్కూర్చున్నట్టే లోపలి దారి తిన్నగా అవుతుంది, ముక్కనక్కర్లేదు. ఇంకొకటి, ఫోన్ బయట పెట్టి వెళ్లు. అయిదు నిమిషాల్లో అవ్వకపోతే లేచి వచ్చెయ్యి.

తిండి గురించి నీకు తెలిసిందే. దొడ్డి గట్టిగా ఉన్నన్నాళ్లు ఏ టబ్బూ నిన్ను కాపాడదు. రాత్రిపూట ఇసబ్‌గోల్ ఒకటి రెండు చెంచాలు పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి, జిగురు పట్టకముందే తాగెయ్. దానికి నీళ్లు బాగా పడాలి, లేకపోతే అదే గట్టిపడి బాధపెడుతుంది. తోటకూర, గోరుచిక్కుడు, జామపండు రోజూ ఏదో ఒకటి ఉండేలా చూసుకో. కందా బచ్చలికూర చేసి పెట్టమని సుజాతకి చెప్పాను. కందని మొలలకి మంచిదని ఆయుర్వేదం కూడా చెప్తుంది. కారం వల్ల మొలలు రావు గానీ, ఉన్నప్పుడు మంట పుట్టిస్తుంది. ఆవకాయ తగ్గేదాకా పక్కన పెట్టు.

ఇంత చెప్పాక అసలు మాట చెప్తాను. టబ్బు బాధ తగ్గిస్తుంది, మొలలని మాత్రం పోగొట్టదు. నొప్పి తగ్గింది కదా అని డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేస్తావేమోనని నా టెన్షన్. నీకు రక్తం పడుతోందని సుజాత చెప్పింది. మొలల రక్తం ఎర్రగా, తాజాగా, దొడ్డికి వెళ్లాక చుక్కలుగా పడుతుంది. మలంలో కలిసిపోయి వచ్చినా, మలం తారులా నల్లగా ఉన్నా, బరువు తగ్గుతున్నా, ఎప్పుడూ లేనట్టు విరేచనం అలవాటు మారినా అది వేరే జబ్బు కావచ్చు. ఎర్రగా పడినా సరే, నలభై దాటినవాడివి, మొలలే అని నీకు నువ్వు తీర్మానం చేసుకోకు. పెద్దపేగు క్యాన్సర్‌ని మొలలనుకుని నెలల తరబడి మందు రాసుకున్నవాళ్లని చూశాను. కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చెయ్యాలంటే చేయించుకో.

పరీక్షకి భయపడకు. చిన్న గొట్టం లాంటి ప్రాక్టోస్కోప్‌తో రెండు నిమిషాల్లో చూసేస్తారు. లోపలి మొలలైతే చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు, మొల మొదలు చుట్టూ చిన్న రబ్బరు బ్యాండు వేస్తారు. 1963లో బారన్ అనే అమెరికా సర్జన్ ఈ పద్ధతిని వెలుగులోకి తెచ్చాడు. ఇప్పటికీ అదే చేస్తున్నారు. అంత లోపల నొప్పి తెలిసే నరాలుండవు. రక్తం అందక మొల ఎండి, వారం పది రోజుల్లో రాలిపోతుంది.

బస్టాండు పక్క గోడల మీద ‘ఆపరేషన్ లేకుండా మొలలు నయం’ అని రాసి ఉంటుంది చూడు, అక్కడికి మాత్రం వెళ్లొద్దు నాన్నా. వాళ్లు ఎక్కించే ఇంజెక్షన్‌లో ఏముందో, పూసే పొడిలో ఏముందో చెప్పరు. అలాంటి చోట కండ కాలిపోయి, మలద్వారం ఇరుకైపోయి మా వార్డుకి వచ్చినవాళ్లు ఉన్నారు. ఒక కౌలు రైతు అయితే మూడేళ్లు పస్తులున్నట్టు చిక్కిపోయాడు, తింటే దొడ్డికి వెళ్లాలన్న భయంతో.

ఉన్నట్టుండి అంచున గట్టి నీలం గడ్డ కట్టి భరించలేనంత నొప్పి వస్తే టబ్బు పట్టుకుని ఇంట్లో కూర్చోకు. మొదటి మూడు రోజుల్లో చూపిస్తే చిన్న గాటు పెట్టి గడ్డ తీసేస్తారు, ప్రాణం లేచొస్తుంది. జ్వరం వచ్చినా, ఒంటేలు ఆగిపోయినా, రక్తం ఆగకుండా పడుతున్నా అర్ధరాత్రైనా సరే ఆస్పత్రికి వెళ్లాలి.

ఈ వారంలోనే సర్జన్‌కి చూపించుకో. హిమోగ్లోబిన్ పరీక్ష కూడా అడుగు. మొలలు ఏ గ్రేడు అన్నారో, అంటే ఎంత ముదిరాయన్నారో, ఏమి రాశారో ఆ చీటీ ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు.

అత్త