కర్చీఫ్ తలదా, చేతిదా?

సందేహం: తెలుగులో అందరం కర్చీఫ్ అంటాం. ఇంగ్లిష్‌లో అలా అనకూడదు, హ్యాండ్‌కర్చీఫ్ అనాలని మా అమ్మాయికి బళ్లో చెప్పారట. 'హ్యాండ్' లేకపోతే తప్పేనా? కొందరు 'ఖర్చీఫ్' అని రాస్తున్నారు. ఏది ఒప్పు?

సమాధానం: ఇంగ్లిష్ వరకూ బళ్లో చెప్పిందే సరి. అక్కడ ఉత్త కర్చీఫ్ అంటే తలకు కట్టుకునే గుడ్డ. పాత ఫ్రెంచిలో 'కువ్ర్' అంటే కప్పు, 'చీఫ్' అంటే తల. తలను కప్పేది కాబట్టి ఆ పేరు. 14వ శతాబ్దపు కవి చాసర్ కాంటర్‌బరీ కథల్లో ఒకావిడ ఆదివారాలు తలకు చుట్టుకునే కవర్‌చీఫులు పది పౌన్లు తూగుతాయంటాడు, అంటే నాలుగున్నర కిలోలు! ఆ రూపంలో 'కవర్' ఇంకా స్పష్టంగా వినిపిస్తోంది. వాడుకలో నడిమి 'వ' జారిపోయి కర్చీఫ్ మిగిలింది. 16వ శతాబ్దంలో అలాంటి గుడ్డే చేత పట్టుకునేదానికి 'హ్యాండ్' తగిలించారు. మాటకు మాట విడదీస్తే 'చేతి తలగుడ్డ' అవుతుంది. అప్పటికే 'చీఫ్' అంటే తల అన్న సంగతి జనం మరిచిపోయారన్నమాట.

చీఫ్ ఇంజనీరులోని చీఫ్, వంటశాల పెద్ద షెఫ్ కూడా ఆ తలలే. కర్ఫ్యూలోని 'కర్' కూడా ఈ 'కువ్రే'. 'ఫ్యూ' అంటే నిప్పు. రాత్రి గంట కొట్టగానే పొయ్యిలో నిప్పు కప్పెట్టమనేవారు.

మన రుమాలు కర్చీఫ్‌కు ఎదురు నడిచింది. ఫార్సీలో 'రూ' ముఖం, 'మాల్' తుడిచేది. ముఖం తుడుచుకునే ఆ గుడ్డ తెలంగాణ పల్లెల్లో తలపాగా అయింది. చేతిగుడ్డకు అక్కడ దస్తీ అనే చక్కని మాట ఉంది. 'దస్త్' అంటే చెయ్యి. దస్తావేజులోనూ అదే ఉంది. దస్తీ అనేవాళ్లు దాన్ని మార్చుకోనక్కర్లేదు.

తెలుగులో మాత్రం కర్చీఫ్ తప్పు కాదు. బస్సు కిటికీలోంచి సీటు మీద గుడ్డ పడేసి 'కర్చీఫ్ వేశా' అంటాం. అక్కడ 'హ్యాండ్' చేరిస్తే నుడికారం చెడుతుంది. జాగ్రత్త పడాల్సింది అనువాదకులు. ఇంగ్లిష్ కథలో రైతు స్త్రీ గడ్డం కింద ముడేసిన కర్చీఫ్‌ను తలగుడ్డ అనే రాయాలి. లేకపోతే ఆమె జేబురుమాలు నెత్తిన పెట్టుకున్నట్టవుతుంది.

ఇక 'ఖర్చీఫ్'లో ఒత్తు ఖకు ఆధారం లేదు. అరబ్బీ నుంచి వచ్చిన ఖర్చుకూ దీనికీ చుట్టరికం లేదు. కర్చీఫ్, కర్చీఫులు అని రాయండి.