ఎవరి కాగితం వాళ్ళ దగ్గరే ఉండనీ

తాళ్ళరేవు

చిట్టీ,

బర్మా శరణార్థులతో కలిసి జంతర్ మంతర్ దగ్గర ధర్నాకు కూర్చుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఒకటే టెన్షన్. సాయంత్రం కోరంగి ఏటిగట్టు మీద కూర్చుంటే గర్వంగానూ అనిపించింది. మీ అమ్మతో అనలేదులే.

పోలీసు అనుమతి తీసుకోండి. లాయరు నంబరు ఫోనులోనే కాదు, చేతి మీద కూడా రాసుకో.

ఇక కాగితాల సంగతి. మేం 1964లో రంగూన్ నుంచి ఓడలో వచ్చాం, నాకప్పుడు పదకొండేళ్ళు. ఆ మే నెలలోనే బర్మా సైనిక పాలకుడు నె విన్ ప్రభుత్వం యాభై, వంద క్యాట్ నోట్లు చెల్లవంది. నాన్న దాచిందంతా చిత్తుకాగితమైంది. 1839 తుపానుకు కోరంగి రేవు దెబ్బతిన్నా ఆ పేరు మాత్రం మనల్ని వదల్లేదు. బర్మాలో మన తెలుగువాళ్ళం కోరంగీలం, ఇక్కడ దిగగానే బర్మావాళ్ళం.

1979లో ఇళ్ళస్థలాల అర్జీకి పేటలో కాగితాలు పోగుచేసింది నేనే. బలంగా ఉంటుందని అందరినీ అసలువే ఇమ్మన్నాను. ఒక మామ్మ ఇవ్వనంది. ఓడెక్కేముందు ఇచ్చిన కాగితం అది, దాని మీద చనిపోయిన ఆయన ఫొటో. ఆయనది ఇంకో ఫొటో లేదు. "నా మీద నమ్మకం లేదా మామ్మా?" అని రోషపడ్డాను. పాపం, చెంగు ముడి విప్పి ఇచ్చింది. నకళ్ళు తీయించడం దండగనుకున్నాను. ఆఫీసులో కట్ట ఇచ్చి రసీదు కూడా అడగలేదు, వెధవ మొహమాటం. మూడు వారాలకు వెళ్తే అలాంటి కట్టే రాలేదన్నారు. తర్వాత కొందరికి స్థలాలొచ్చాయి, ఆవిడకు రాలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. కనబడినప్పుడల్లా "దొరికిందా బాబూ?" అనేది, పోయేదాకా. నేను ఆ వీధి మానేసి చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.

అంచేత ఎవరి శరణార్థి కార్డూ నీ సంచిలో పెట్టుకోకు. ఫోనులో ఫొటో తీసుకుని అక్కడికక్కడే ఇచ్చెయ్. ఎవరి ముఖమూ అడక్కుండా ఎక్కడా పెట్టకు. నువ్వు ఆ సైన్యానికి ఎదురుగుర్తుగా మూడు వేళ్ళెత్తి ఫొటో దిగినా రాత్రికి హాస్టల్లో అన్నం తింటావు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకమే పెట్టలేదు, వాళ్ళలో చాలామందికి ఆ ఐక్యరాజ్యసమితి కార్డే దిక్కు. పైగా 2021లో బర్మాలో గద్దెనెక్కిన సైన్యం ఊళ్ళో మిగిలిన అన్నదమ్ముల తలుపు తడుతుందేమోనని నా భయం.

మైకు ఇచ్చారు కదాని "మేమూ బర్మావాళ్ళమే" అని మొదలుపెట్టకు, తల్లీ. ముందు వాళ్ళని చెప్పనీ. 1930లో రంగూన్ రేవులో మన కూలీలను చంపినవాళ్ళూ బర్మావాళ్ళే, మేం ఓడెక్కే రోజు అన్నం మూట కట్టిచ్చి ఏడ్చిన పక్కింటావిడా బర్మా ఆవిడే.

అక్కడెవరైనా మొహింగా, అదే బర్మావాళ్ళ చేపల పులుసు నూడుల్స్, పెడితే తిను. ఎలా ఉందో రాయి. మా అమ్మ పోయాక నేను తినలేదు.

మీ చిన్నతాత