రెండు వారాల స్ప్రింట్‌లో డిజైన్‌కి చోటెక్కడ?

ప్రశ్న: చివరి సంవత్సరం చదువుతూ ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌లో యూఎక్స్ (యూజర్ అనుభవం) డిజైన్ ఇంటర్న్‌గా చేరాను. కోర్సులో నేర్చుకున్న రీసెర్చ్, వైర్‌ఫ్రేమ్ (స్క్రీన్ ముడి గీత), టెస్టింగ్ ఏవీ ఇక్కడ కుదరడం లేదు. పనంతా రెండు వారాల స్ప్రింట్లు, అంటే రెండేసి వారాల విడతలు. సోమవారం స్టోరీ (యూజర్‌కి ఏం కావాలో చెప్పే చిన్న పని వివరణ) చెప్పి బుధవారానికి స్క్రీన్లు కావాలంటారు. తీరా ఇచ్చాక డెవలపర్లు వాటిలో సగం మార్చేస్తారు. ఇలా చిన్న విడతల్లో పనిచేసే ఎజైల్ టీముల్లో డిజైనర్‌కి భవిష్యత్తు ఉందా, లేక ఫ్రంటెండ్ (యూజర్‌కి కనిపించే భాగం) కోడింగ్‌కి మారిపోవాలా?

జవాబు: మారకండి. కనీసం ఈ కారణంతో మాత్రం మారకండి. మీరు రాసినదాంట్లో డిజైన్ మీద విసుగు నాకెక్కడా కనిపించలేదు, పని మీ చేతికొస్తున్న తీరు మీదే ఉంది మీ బాధంతా. సోమవారం విని బుధవారం ఇమ్మంటే ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా ఊహించి గీయాల్సిందే, కాబట్టి దీన్ని మీ చేతకానితనం కింద లెక్క వేసుకోకండి.

ఈ చిక్కు మీ టీమ్‌తో మొదలైంది కూడా కాదు. 2001లో 17 మంది కలిసి ఎజైల్ మేనిఫెస్టో రాసినప్పుడు వాళ్లు ప్రధానంగా సాఫ్ట్‌వేర్ కట్టే పని గురించి ఆలోచించారు. యూజర్ రీసెర్చ్ ఎవరు చేయాలి, ఇంటర్‌ఫేస్ ఎప్పుడు గీయాలి అన్న సంగతి అందులో లేదు. ఎజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్‌లోనూ ప్రోడక్ట్ ఓనర్ (ఏం కట్టాలో తేల్చేవారు), స్క్రమ్ మాస్టర్ (పద్ధతి సరిగ్గా సాగేలా చూసేవారు), డెవలపర్లు అని మూడే బాధ్యతలు, డిజైనర్‌కి విడిగా పేరు లేదు. కానీ అక్కడ డెవలపర్లంటే కోడ్ రాసేవాళ్లొక్కరే కాదు, ఆ స్ప్రింట్‌లో వాడదగ్గ పని తయారవడానికి చెయ్యి వేసేవాళ్లందరూ. అంటే మీరు పక్కన కూర్చుని స్క్రీన్లు సరఫరా చేసే మనిషి కాదు. ప్లానింగ్‌లో, రివ్యూలో, రెట్రోలో (స్ప్రింట్ ఎలా సాగిందో వెనక్కి చూసుకునే మీటింగ్‌లో) మాట్లాడే హక్కు మీకూ ఉంది. ఇంటర్న్ కాబట్టి మొహమాటం ఉంటుంది, అర్థమవుతుంది, అయినా కూర్చోండి.

టైమ్ సంగతికొద్దాం. 2000ల మధ్యలో అలియాస్ అనే కంపెనీ డిజైన్ బృందం (ఆ కంపెనీని తర్వాత ఆటోడెస్క్ కొనుక్కుంది) దీనికో పద్ధతి పాటించి, దాని గురించి రాసింది. డెవలపర్లు ఈ స్ప్రింట్ పని కడుతుంటే డిజైనర్లు వచ్చే స్ప్రింట్ పనికి డిజైన్ గీసి పరీక్షిస్తారు, దాని తర్వాతి స్ప్రింట్ కోసం యూజర్లతో మాట్లాడతారు, పోయిన స్ప్రింట్‌లో కట్టింది ఎలా పనిచేస్తోందో కూడా చూస్తారు. ఇప్పుడు డ్యూయల్ ట్రాక్ అని పిలిచేది ఇలాంటి పద్ధతినే. మీ టీమ్‌లో ఇది లేదు కాబట్టే మీకు సోమవారం, బుధవారం టెన్షన్. బ్యాక్‌లాగ్ రిఫైన్‌మెంట్ మీటింగ్‌కి (ముందుముందు చేయాల్సిన స్టోరీలను చర్చించి సిద్ధం చేసేది) మిమ్మల్ని పిలుస్తున్నారా? పిలవకపోతే ముందు అది అడగండి. స్టోరీ స్ప్రింట్‌లోకి రాకముందే చెవిన పడే చోటు అదే, అక్కడ విన్నది ఒక స్ప్రింట్ ముందే గీయడం మొదలుపెట్టొచ్చు.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. ఒక స్ప్రింట్ ముందుండాలి అనగానే డిజైనర్ ఒంటరిగా వెళ్లి, రెండు వారాలు గీసి, ఫిగ్మా (డిజైన్ గీసే టూల్) లింక్ పంపి చేతులు దులుపుకోవడం. అప్పుడు డెవలపర్‌కి ఆ డిజైన్ కొత్త, అందులో కుదరనివి కట్టేటప్పుడు గానీ తెలియవు, తెలిసిన రోజున తన ఇష్టం వచ్చినట్టు సర్దేస్తారు. మీ స్క్రీన్లలో సగం మారిపోవడానికి ఇది ఒక పెద్ద కారణం అయ్యుండొచ్చని నా అనుమానం. గీత సగంలో ఉన్నప్పుడే, రంగులూ ఫాంట్లూ ఏమీ లేకుండా, ఒక డెవలపర్‌నీ టెస్టర్‌నీ అరగంట కూర్చోబెట్టి చూపించండి. పూర్తికానిది చూపించడానికి మనసొప్పదు, కానీ ఎజైల్ టీమ్‌లో డిజైనర్ అలవాటు చేసుకోవాల్సిన మొదటి పని ఇదే.

ఉదాహరణకి, "యూజర్ తన అపాయింట్‌మెంట్ తేదీ మార్చుకోవాలి" అన్న స్టోరీ తీసుకోండి. కోర్సులో అయితే క్యాలెండర్, టైమ్ ఎంపిక, నిర్ధారణ, రిమైండర్, రద్దు అన్నీ అందంగా గీస్తాం. స్ప్రింట్‌లో అది సాగదు. మొదటి ముక్కగా వచ్చే ఏడు రోజుల ఖాళీలు ఒక మామూలు జాబితాగా చూపించి, ఒకటి ఎంచుకోనిస్తే చాలు. యూజర్ పని మొదలు నుంచి చివరిదాకా జరిగిపోతుంది, క్యాలెండర్ తర్వాత రావచ్చు. డేటాబేస్ భాగం ఈసారి, స్క్రీన్ మళ్లీసారి అని కోస్తే మాత్రం ఈసారి యూజర్ చేతికి ఏమీ రాదు. ఇంక అసలు డిజైన్ ఆ మామూలు జాబితాలోనే ఉంది. ఖాళీలేమీ లేకపోతే ఏం చూపిస్తాం? యూజర్ ఎంచుకునేలోపు ఆ టైమ్ వేరేవాళ్లు తీసేసుకుంటే? బటన్ నొక్కాక నెట్ పోతే పాత అపాయింట్‌మెంట్ ఉన్నట్టా, పోయినట్టా? ఈ ప్రశ్నలకి జవాబులు స్టోరీలోని యాక్సెప్టెన్స్ క్రైటీరియాలో (ఆ స్టోరీ పూర్తయిందనడానికి తీరాల్సిన షరతుల్లో) మీరే రాయండి, "కొత్త టైమ్ ఖాయమయ్యేదాకా పాతది రద్దవకూడదు, ఆ మాట స్క్రీన్ మీద కనపడాలి" అన్నంత స్పష్టంగా. అక్కడ రాసిందాన్ని టెస్టర్ పరీక్షిస్తారు. ఫిగ్మాలో మూలన రాసుకున్న నోట్‌ని ఎవరూ చూడకపోవచ్చు.

డిజైన్ నాణ్యతను కూడా ఇలాగే టీమ్ నియమాల్లోకి తేవచ్చు. మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్ (అక్షరాలకీ వెనకున్న రంగుకీ మధ్య వెలుగు తేడా) 4.5:1 కన్నా తగ్గకూడదని వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల్లో ఏఏ స్థాయి చెబుతుంది. దాన్ని డెఫినిషన్ ఆఫ్ డన్‌లో (ఏ పనైనా పూర్తయిందనడానికి టీమ్ పెట్టుకున్న నియమాల జాబితాలో) చేర్చమని అడగండి. అప్పుడది మీ అభిరుచి గురించిన వాదనలా కాక అందరూ ఒప్పుకున్న పనిలా ఉంటుంది.

రీసెర్చ్ కుదరడం లేదన్నారు. పెద్ద రీసెర్చ్‌కి టైమ్ లేదు, నిజమే. కానీ ఒక్కో రౌండ్‌కి ఐదుగురితో పరీక్షిస్తే చాలన్న యూజబిలిటీ నిపుణుడు నీల్సన్ లెక్క మీ కోర్సులో వచ్చే ఉంటుంది: ఒక్కో యూజర్ వల్ల సగటున 31 శాతం సమస్యలు బయటపడతాయనుకుంటే ఐదుగురితో 85 శాతం దాకా తేలతాయి. ఆ 31 అన్నిచోట్లా నిజం కాదు కాబట్టి 85ని పట్టుకుని వేలాడకండి. అందులో మీకు పనికొచ్చేది కొద్దిమందితో చూసి, సరిదిద్ది, మళ్లీ చూడమన్న సలహా. ప్రతి స్ప్రింట్‌లో ఒక పూట దీనికి కేటాయించుకోండి, వీలైతే ఒక డెవలపర్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి. తాను కట్టిన బటన్ కోసం యూజర్ స్క్రీనంతా వెతుక్కోవడం కళ్లారా చూసిన డెవలపర్‌కి మీరు రిపోర్ట్ రాసి ఒప్పించాల్సిన అవసరం ఉండదు.

కోడింగ్ సంగతి. వెబ్ పేజీలు కట్టే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ నేర్చుకోండి, బ్రౌజర్‌లో ఇన్‌స్పెక్ట్ చేసి ఏది ఎందుకు పక్కకు జరిగిందో చెప్పగలిగేంత. ఏది తేలిక, ఏది కష్టం అన్నది తెలిస్తే బేరం ఆడగలుగుతారు. రియాక్ట్ (స్క్రీన్లు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) దాకా వెళ్లడం మీ ఇష్టం, డిజైనర్ ఉద్యోగానికి అది తప్పనిసరి అని నేననను.

పోర్ట్‌ఫోలియోలో మాత్రం నున్నటి స్క్రీన్ల కన్నా ఒకే ఫీచర్ మూడు స్ప్రింట్లలో ఎలా మారిందో పెట్టండి: మొదట ఏం వదిలేశారు, ఎందుకు, టెస్టింగ్‌లో ఏం తేలింది, డెవలపర్ ఏది కుదరదన్నారు, చివరికి ఏం విడుదలైంది. కంపెనీ వివరాలు బయటపెట్టడానికి ముందుగా అనుమతి అడగాలి, మర్చిపోకండి.

ఇంటర్న్‌షిప్ అయ్యాక ఇదే టీమ్ ఉద్యోగం ఇస్తామంటే ఒప్పుకునే ముందు మూడు విషయాలు అడగండి. ఒక డిజైనర్ ఎన్ని టీములకి పనిచేయాలి? రిఫైన్‌మెంట్‌లో డిజైనర్ ఉంటారా? విడుదలైన తర్వాత దాన్ని సరిదిద్దడానికి ఎప్పుడైనా స్టోరీ వేశారా? నాలుగైదు టీములకి ఒక్కరే అంటే, మిగతా జవాబులు ఎంత బాగున్నా, వేరేచోట చూసుకోమనే చెబుతాను. ఒకటి రెండు టీములే అయి, మిగతా రెండిటికీ ఔనంటే ధైర్యంగా చేరండి.