పొద్దున పూటే మొరాయిస్తున్న ఉబుంటు

ప్రశ్న: మా డీటీపీ సెంటర్‌లో పాత కంప్యూటర్‌కి ఉబుంటు (విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి వాడుతున్నాం. ఈమధ్య పొద్దున ఆన్ చేయగానే డిస్క్ చెకింగ్ దగ్గర ఆగిపోయి, నల్ల తెర మీద ‘ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్’ (సిస్టమ్ పూర్తిగా తెరుచుకోకముందే ఆగిపోయే చోటు) అని వస్తోంది. డిస్క్‌ని తనిఖీ చేసి సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడిపి, అడిగినదానికల్లా ‘వై’ కొడితే తెరుచుకుంటోంది. మధ్యాహ్నం రీస్టార్ట్ చేస్తే ఏ గొడవా లేదు. రాత్రి మెయిన్ ఆపేసి వెళ్తాం. ఏ డిస్క్ భాగాన్ని ఎలా తెరవాలో రాసుండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో చివరి అంకె సున్నా చేస్తే చెకింగే ఉండదని ఒకరన్నారు. చేయమంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దండీ. ఆ అంకె 1 ఉంటేనే రూట్ పార్టిషన్‌ని (ఉబుంటు ఉండే డిస్క్ భాగాన్ని) ఆన్ అయ్యేటప్పుడు ఎఫ్ఎస్‌సీకే చూస్తుంది. సున్నా పెడితే రేపు నిజంగా డిస్క్ పాడైనా మీకు కబురందదు.

మెయిన్ ఆపేస్తామన్నారు చూడండి, నా అనుమానమంతా అక్కడే. పొద్దున తెర ఆగగానే ‘డేట్’ అని కొట్టండి. ఏళ్ల కిందటి తేదీ చూపిస్తే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. కరెంటు పూర్తిగా పోగానే గడియారం వెనక్కి పోతుంది. నిన్న డిస్క్ మీద రాసిన సమయమేమో సూపర్‌బ్లాక్‌లో (డిస్క్ తన వివరాలు రాసుకునే చోట) భద్రంగా ఉంటుంది. ఎఫ్ఎస్‌సీకే ఆ రెండూ పోల్చి, ‘చివరిసారి రాసిన సమయం భవిష్యత్తులో ఉంది’ అని ఇంగ్లీషులో చెప్పి ఆగిపోతుంది. తేడా ఒక రోజు దాటితే తనంతట తాను సరిచేయదు, మిమ్మల్ని అడుగుతుంది. తెరుచుకున్నాక నెట్ నుంచి టైమ్ సరవుతుంది కాబట్టే మధ్యాహ్నం బాగుంటోంది.

చాలా బోర్డులకు సీఆర్ 2032 బ్యాటరీ సరిపోతుంది. పాతదాని మీద నంబరు చూసి అదే కొనండి. కంప్యూటర్ ప్లగ్ పీకాకే మార్చండి. తర్వాత బయోస్‌లోకి (ఆన్ చేయగానే తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి తేదీ, టైమ్ సరిచేసి సేవ్ చేయండి.

ఒక్క విషయంలో మాత్రం నా మాట వినండి. తెర మీద టైమ్ సంగతి కాకుండా ఐనోడ్లు (ఫైళ్ల వివరాలుండే చోట్లు), బ్లాకులు, ‘ఐఓ ఎర్రర్’ లాంటివి కనిపిస్తే గుడ్డిగా ‘వై’ కొట్టకండి. చెడిపోతున్న డిస్క్ మీద రిపేరు నడిపితే ఉన్న ఫైళ్లూ పోవచ్చు. మీ దగ్గరున్న పెళ్లి కార్డులు, ఓటర్ల జాబితాలు కస్టమర్ల సొత్తు. ముందు ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి అవన్నీ వేరే డిస్క్‌లోకి తీయండి. ఆ తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్‌తో పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయిస్తున్న డిస్క్ ముక్కలు) చూడండి. ఆ సంఖ్య పెరుగుతుంటే డిస్క్ మార్చేయాల్సిందే.

బ్యాటరీ మార్చిన మర్నాడూ ఆగితే, ఏ కీ నొక్కకముందే తెర ఫొటో తీసి పంపండి.