మొదటిసారే యానిమే (జపాన్ కార్టూన్) బొమ్మను హూప్ (గుడ్డను బిగించే గుండ్రటి చట్రం) మీద కుట్టగలమా? ఏయే కుట్లు నేర్చుకోవాలి?

కుట్టగలరు. కాకపోతే "ఏయే కుట్లు" అన్నది అసలు ప్రశ్నే కాదని నా అభిప్రాయం. కాడ కుట్టు, గొలుసు కుట్టు, ముడి కుట్టు వస్తే చాలు. కుట్టు రాక బొమ్మ పాడవదు, దేని తర్వాత ఏది చేయాలో తెలియక పాడవుతుంది. నా నెజుకో అలాగే పాడైంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నెజుకో అంటే 'డీమన్ స్లేయర్' అనే యానిమేలో నోటికి అడ్డంగా వెదురు ముక్క కట్టుకుని తిరిగే పిల్ల. మా తమ్ముడికి ఆమె అంటే పిచ్చి. డిసెంబరులో వాడి పుట్టినరోజుకి 8 అంగుళాల హూప్ మీద చేసిద్దామనుకున్నాను. వాడి చేతికి చేరేసరికి సంక్రాంతి దాటిపోయింది.

దారం, రంగు, గుడ్డ, పుల్ల అన్నీ కలిపే చేశాను. "పెయింట్ వేస్తే అది ఎంబ్రాయిడరీ ఎలా అవుతుంది" అనే వాళ్ళుంటారు, పట్టించుకోకండి. మగ్గం వర్క్‌లో పూసలు, కుందన్లు, చమ్కీలు అన్నీ వేస్తారు, అక్కడ ఎవరూ ఈ ప్రశ్న అడగరు.

కిమోనో, అంటే ఆమె వేసుకునే జపాన్ అంగీ, దాని దగ్గరే మొదటి దెబ్బ. గులాబీ గుడ్డ మీద తెల్ల గీతలతో నక్షత్రాల్లా ఉండే ఆ డిజైన్ పేరు అసనోహా, అంటే ఒక నార మొక్క ఆకు. ఆ మొక్క త్వరగా, నిటారుగా పెరుగుతుందని జపాన్‌లో పసిపిల్లల బట్టల మీద వేసేవారట. ఇంతకీ ఆ మొక్క నార కోసం పెంచే గంజాయి జాతిది. ఈ సంగతి మా అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. వీడియోలు చూసి స్కేలూ కోణమానినీ పెట్టుకుని రెండు సాయంత్రాలు తన్నుకున్నాను. అమ్మ వచ్చి తొంగి చూసి, "సందు చుక్క పెట్టి కలపక ఈ లెక్కలేంటే" అంది. నిజమే! సందు చుక్కలు కలిపితే త్రిభుజాలు వస్తాయి, ఒక్కో త్రిభుజం నడిమి నుంచి మూడు మూలలకూ గీత లాగితే అసనోహా వచ్చేసింది. పది నిమిషాల పని.

జుట్టుకు సిల్క్ త్రెడ్ గాజులు చేయగా మిగిలిన నల్ల దారం వాడాను. పైన కుట్టి, కింద చివర్లకు నారింజ రంగు దారం కలిపి, హూప్ బయటికి వదిలేశాను. "సవరం కుట్టావా ఏంటి" అని నవ్వారు ఇంట్లో. నోట్లో వెదురు కోసం అగరొత్తుల పుల్లలు తీసుకున్నాను, అవీ వెదురే కదా. మసాలా గీకేసి, నాలుగు పుల్లలు పక్కపక్కన పెట్టి ఆకుపచ్చ దారం చుట్టాను.

ఇక అసలు ఘోరం. నడుముకున్న ఎర్ర గళ్ళ పట్టీకి ఆన్‌లైన్‌లో కొన్న పేరు లేని 50 రంగుల ప్యాకెట్‌లోంచి ఎరుపు తీసి కుట్టాను. జుట్టూ ముఖమూ అయ్యాక, పుల్లలు అతికించే ముందు, నీళ్ళతో పోయే పెన్ను గీతలు కడిగేద్దామని రాత్రి పదకొండింటికి గుడ్డ బకెట్లో ముంచాను. తీసి, సగానికి మడిచి, టవల్లో చుట్టి పడుకున్నాను. ఆ మడత సరిగ్గా నడుమును తెచ్చి ముఖం మీద పెట్టింది. పొద్దున విప్పి చూస్తే నెజుకో ఎడమ చెంప మీద ఎర్ర గళ్ళు అచ్చు పడి ఉన్నాయి, గళ్ళ తువ్వాలు మీద బోర్లా పడుకుని లేచినట్టు.

ఉప్పు వేయి, వెనిగర్ వేయి అని చెప్పేవాళ్ళను నమ్మకండి. రెండూ వేశాను. గుడ్డ పులుసు వాసన కొట్టిందే తప్ప మరక కదల్లేదు.

చివరికి మా వీధిలో మగ్గం వేసే అన్నకు చూపించాను. ఆయన ముందు తిట్టాడు. "తడిపిన తెల్లగుడ్డ మీద దారం రుద్ది చూసుకోవాలి కదమ్మా, ఎరుపు ఎవరైనా నమ్ముతారా?" తర్వాత దారి చెప్పాడు: "ముఖం కొత్తది వేసెయ్యి, జాకెట్టు చేతికి ప్యాచ్ వేసినట్టు." ముఖం అంచున కుట్టిన జుట్టంతా విప్పేసరికి మూడు రోజులు పట్టింది, ఏడుపొక్కటే తక్కువ. వేరే గుడ్డ మీద ముఖం చేసి, కత్తిరించి, పాత ముఖం మీద పెట్టి అంచులు కుట్టి, మళ్ళీ జుట్టుతో కప్పాను. ఈసారి బుగ్గలకు పెయింటే. కళ్ళకు మాత్రం ఆరు పోగుల దారంలోంచి ఒక్క పోగు లాగి, మూడు గులాబీ ఛాయల్లో కుట్టాను. చివర్లో తెల్ల ముడి వేసేదాకా చచ్చిన చేపలాగే చూసింది.

కాబట్టి ముఖం ఎప్పుడూ విడిగా చేయండి, అన్నీ కడిగి ఆరాకే అతికించండి. పెన్ను గీతలు కడగకుండా ఇస్త్రీ పెట్టకండి, వేడి తగిలితే అవి గుడ్డలో ఉండిపోతాయి. లోపలి రింగుకు కాటన్ పీలిక చుట్టండి, గుడ్డ జారదు. ఈ ముక్క ఏ వీడియోలోనూ వినలేదు, అన్నే చెప్పాడు. టైం అంటారా, రోజుకో గంట చొప్పున ఏడెనిమిది వారాలు వేసుకోండి. చూసినవాళ్ళు "నాకూ ఒకటి చేసివ్వు, మూడొందలిస్తా" అంటారు. నవ్వి ఊరుకోండి.

తమ్ముడు పార్సెల్ విప్పి ఫోన్ చేశాడు. కళ్ళ గురించి అంటాడేమో, కిమోనో గురించి అంటాడేమో అని చూస్తున్నాను. "అక్కా, నెజుకో దగ్గర అగరొత్తుల వాసన వస్తోందేంటే?" అన్నాడు.